ఆరున్నరకు వెళ్ళాల్సిన ఫోను

ఆయన పోయారన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను రాయదుర్గంలో మా ఆఫీసు టవర్ కింద, బ్యాటరీ గదిలో నూట నలభై రెండో సెల్లు కొలుస్తున్నాను. మొత్తం నూట తొంభై రెండు. ఫోన్ చూసి జేబులో పెట్టుకుని మిగిలిన యాభై కూడా కొలిచి పుస్తకంలో అంకెలు రాశాను. సాయంత్రం చూసుకుంటే ఆ యాభైలో పన్నెండింటికి వరసగా ఒకే అంకె ఉంది. అవి నిజంగా కొలిచానో లేదో గుర్తు రాలేదు. మర్నాడు మళ్ళీ కొలిచాను.

మెసేజ్ పెట్టింది సుజాత. పై అంతస్తుల్లోని ఒక కంపెనీలో టెస్టర్, సెలవుల్లో అడవులకు వెళ్ళే మా గుంపు మనిషి. సార్ మెట్రో స్టేషన్ మెట్ల మీద కూలిపోయారని, గుండె అని రాసింది. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వస్తే పక్కనున్నవాళ్ళెవరో ఎత్తి చెప్పారట. చివర ఇంకొక్క వాక్యం రాసింది: "ఫోన్‌లో తొంభై ఒక్క శాతం ఛార్జింగ్ ఉందట." ఆ మాట ఎందుకు రాసిందో గుంపులో ఎవరూ అడగలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, వాళ్ళకు ఇబ్బంది. మేమెప్పుడూ సార్ అనే పిలిచాం, ఇక్కడా అంతే.

పదేళ్ళ కిందట ఆయన మొదటిసారి మా గదికి వచ్చారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు మా గదికి రారు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఆ కొన్ని సెకన్లు పైన కంప్యూటర్లు ఆరిపోకుండా చూసే గది అది. అది ఉన్నదని కూడా పైవాళ్ళలో చాలామందికి తెలియదు. ఈయన సెల్లార్‌లోకి దిగి, తలుపు దగ్గర నిలబడి, గుడికి వచ్చినట్టు బూట్లు విప్పడం మొదలుపెట్టారు.

"సార్, విప్పుడు కాదు, ఈడ ఏసుకోవాలె. షాకు కొడ్తది," అన్నాను.

ఆయన మళ్ళీ బూట్లు తొడుక్కుని, లేసులు నిదానంగా ముడివేసుకుని లేచారు. యాభై దాటిన మనిషి. సన్నగా, మెడ కొంచెం ముందుకు వంచి.

"యాదగిరి గారంటే మీరేనాండి?"

"నేనే సార్. ఏంది, పైన కరెంటు పోయిందా?"

"పోలేదండి. అసలు లేని చోటికి వెళ్తున్నాం. మూడు రోజులు, నల్లమలలో. ఎనిమిది ఫోన్లు. బ్యాటరీల సంగతి మీకు బాగా తెలుసని లిఫ్ట్ మెకానిక్ చెప్పాడు. మీరు లెక్క కట్టి పెడతారా?"

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. బ్యాటరీల మీద రాసిన అంకెలు చదివి, అవి నిజమో కాదో కొలిచి చూసి, నేనే నేర్చుకున్నాను. నన్ను ఇంజనీర్లు పనులు చేయమన్నారు గాని, లెక్క కట్టి పెట్టమని అంతకుముందు ఎవరూ అడగలేదు.

"పవర్ బ్యాంకు మీద ఇరవై వేలని రాసుంటది సార్. ఫోన్‌ల ఐదు వేలు. నాలుగుసార్లు ఎక్కుతది అనుకుంటరు అందరు. ఎక్కది. మధ్యల తరుగు పోతది. మూడుసార్లే రాసుకోండ్రి. ఇంతకు రోజుకు ఎంతసేపు వాడ్తరు?"

"ఏడుగురు ఫోటోలు తీసుకుంటారండి. మాట్లాడేది నేనొక్కణ్ణే. సాయంత్రం ఆరున్నర నుంచి ఆరూ యాభై దాకా."

"ఇరవై నిమిషాలకు ఇంత పరేషాన్ ఎందుకు సార్?"

"ఆ ఇరవై నిమిషాల కోసమేనండి," అన్నారు.

సోమవారం మళ్ళీ దిగి వచ్చారు, ఈసారి బూట్లతోనే. జేబులోంచి కాగితం తీసి చదివారు. ఏ పవర్ బ్యాంకు ఎన్నింటికి అయిపోయింది, ఏ ఫోన్ ఎంత తాగింది, చివరికి ఎంత మిగిలింది. నా లెక్కకూ జరిగినదానికీ ఒక్క ఫోన్ తేడా. ఆ కాగితం నా చేతికిచ్చి, "మీ లెక్క నిలబడిందండి," అన్నారు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఏ అడవికి వెళ్ళినా ముందు నా గదికి వచ్చారు. మూడో ప్రయాణం నుంచి నన్నూ తీసుకెళ్ళారు.

అడవిలో ఆయన్ను చూస్తే నవ్వొచ్చేది. ఎవరైనా ఫోన్ ఇస్తే మొదట చేతి వెనకభాగం దానికి ఆనించి చూసేవారు, పిల్లల నుదురు చూసినట్టు. వేడిగా ఉంటే, "వీడికి జ్వరమండి. కాసేపు పడుకోనివ్వండి," అని నీడలో పెట్టేవారు. నడుస్తూ నడుస్తూ ఛార్జింగ్ పెట్టడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. తీగ ఊడిపోతుంది, సగం పోతుంది అనేవారు. అందరూ ఫోన్లను విమానం గుర్తులో పెట్టాల్సిందే. సిగ్నల్ లేనిచోట ఫోన్ సిగ్నల్ కోసం వెతికి వెతికి చచ్చిపోతుందని ఆయన మాట. "దొరకనిదాని కోసం వెతుకుతూ ఉంటే మనిషికైనా అంతేగా," అన్నారొకసారి. అప్పుడు నేను అది ఫోన్ గురించే అనుకున్నాను.

పవర్ బ్యాంకుల లెక్కకు ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఇంటి నుంచి భార్య స్టిక్కర్ బొట్ల అట్ట తెచ్చుకునేవారు. నిండా ఉన్న ఒక్కో పవర్ బ్యాంకు మీద మూడేసి ఎర్ర బొట్లు అంటించేవారు. ఒక ఫోన్ నిండితే ఒక బొట్టు ఊడదీసి తన ఎడమచేతి వెనక అంటించుకునేవారు. రెండో రోజు సాయంత్రానికి ఆ చేతి మీద ఎనిమిది తొమ్మిది బొట్లుండేవి.

"సార్, ఈ చేయి చూసి అడవిలో ఎవరైనా దండం పెడతారు," అని సుజాత ఏడిపించేది.

"పెడితే పెట్టనివ్వమ్మా. నీ ఫోటోలు తగ్గించు, చేతి మీద చోటు చాలడం లేదు."

ఒకసారి ఒకతను పెద్ద సోలార్ పలక కొని, బ్యాగుకు కట్టుకుని వచ్చాడు. రోజంతా చెట్లకింద నడిచాం. సాయంత్రానికి ఫోన్ నాలుగు శాతం పెరిగింది. అతను చిన్నబుచ్చుకున్నాడు. సార్ ఆ పలకను జాగ్రత్తగా తుడిచి మడిచి ఇచ్చి, "నాలుగంటే తక్కువేం కాదండి. నాకైతే పది నిమిషాల మాట," అన్నారు.

ఆ మాటలేమిటో నేను మొదటిసారి విన్నది ఒక బండమీద. నల్లమలలో ఆ చుట్టుపక్కల సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. అందరూ కింద వంట దగ్గరున్నారు. నేను టార్చి ఇద్దామని ఎక్కాను. ఆయన నాకు వీపు చూపించి కూర్చున్నారు.

"నేనే. ఆ, క్యాంపు నుంచే. వినిపిస్తోందా? కాదు, కోయిల కాదు. చెప్పుకో చూద్దాం." ఫోన్ పైకెత్తి చెట్లవైపు పట్టుకున్నారు. అట్లా ఒక నిమిషం. మళ్ళీ చెవికి పెట్టుకుని నవ్వారు. "నెమలే. నీకెలా తెలిసింది? ఇవాళ పొద్దున వాగు దాటాం. మోకాలి లోతు. ప్యాంటు మడిచే దాటాలే. నువ్వన్నం తిన్నావా? ఏం కూర? వంకాయ నాకుంచవా?"

ఆ గొంతు ఆఫీసులో నేనెప్పుడూ వినలేదు. పాతికేళ్ళవాడు మాట్లాడుతున్నట్టుంది. నేను చప్పుడు చేయకుండా దిగిపోయాను.

తిరుగు ప్రయాణంలో వ్యానులో నా పక్కన కూర్చుని ఆయనే చెప్పారు. నేను విన్నది ఆయనకు తెలిసినట్టుంది.

"మా ఆవిడకు మతిమరుపు జబ్బండి. నార్సింగిలో ఇంట్లో ఉంటుంది. వాళ్ళ చెల్లెలు టీచరు, రిటైరై మా దగ్గరికొచ్చేసింది, ఆవిడే చూసుకుంటుంది. నేను ఎదురుగా వెళ్ళి కూర్చుంటే నేనెవరో తెలియదు. 'మావారు క్యాంపుకెళ్ళారండి, కూర్చోండి, రాగానే చెప్తాను' అంటుంది. కాఫీ కూడా ఇస్తుంది."

"ఫోన్‌ల గుర్తుపడ్తరా మరి?"

"అదేనండి విచిత్రం. పెళ్ళయిన కొత్తలో పదకొండేళ్ళు నేను కరెంటు టవర్లు నిలబెట్టే పనిలో ఉన్నాను. అన్నీ అడవులు, కొండలు. మాకు ఫోన్ లేదు. క్యాంపు ఆఫీసు నుంచి పక్కింటివాళ్ళ ఫోన్‌కి ఆరున్నరకి చేసేవాణ్ణి. తను పదినిమిషాల ముందే వెళ్ళి కూర్చునేది. ఆమెకి మొగుడంటే దూరం నుంచి వచ్చే గొంతు, వెనక పిట్టల చప్పుడు. మిగతాదంతా పోయింది గాని, అది మిగిలింది. ఆఫీసు నుంచి చేసి చూశాను. ఏసీ చప్పుడు, జనం. 'రాంగ్ నంబరండి' అని పెట్టేసింది. అందుకే అడవికి వస్తున్నాను."

ఆయన కిటికీలోంచి చూస్తూ ఇంకో మాట చెప్పారు. "ఒక్కటే భయమండి. నేను బయలుదేరాక, బావగారు క్యాంపు నుంచి ఫోన్ చేస్తారని చెల్లెలు తనకి చెప్తుంది. అట్లా చెప్పాక ఆరున్నరకి ఫోన్ రాకపోతే వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఆ రోజుల్లో అట్లాగే బస్టాండుకు వెళ్ళేదట. ఇప్పుడు నార్సింగిలో ఎటు వెళ్ళినా రింగ్ రోడ్డే."

ఇంటికి వచ్చి ఆ రాత్రే నా పద్ధతి మార్చుకున్నాను. ఎనిమిది ఫోన్ల లెక్కలో ఆయన ఫోన్‌కు ముందు తీసిపెట్టి, మిగిలినదే ఏడుగురికి పంచడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ళ కిందట మేము తొమ్మిదిమందిమి హిమాలయాలకు వెళ్ళాం. నాకు అంత దూరం అదే మొదటిసారి. మా వాళ్ళలో అంత చలి చూసినవాళ్ళు ఎవరూ లేరు, ఆయనతో సహా. బయలుదేరే ముందు ఆరు పవర్ బ్యాంకులున్న సంచి నా చేతిలో పెట్టి, "ఈసారి మొత్తం మీదేనండి. నేను లెక్క చూడను. నాకూ వయసొచ్చింది, మీరు చూసుకుంటుంటే నిశ్చింతగా నడుస్తాను," అన్నారు.

ఆరు బ్యాంకులు, మూడేసి, మొత్తం పద్దెనిమిది. నా లెక్కకు కావలసింది పద్నాలుగు. నాలుగు మిగులు. కొండమీద రెండు సాయంత్రాలు ఉంటాం, అక్కడొక గుట్టకు సిగ్నల్ వస్తుందని ముందే కనుక్కున్నాం, అదీ సార్ వాడే సిమ్‌కు ఒక్కదానికే. అంతా సరిగ్గా ఉంది.

నేను చేసిన తప్పు లెక్కలో లేదు. మా గదిలో బ్యాటరీకి శత్రువు వేడి. ఇరవై అయిదు డిగ్రీలు దాటకుండా ఏసీ పెట్టి కాపాడతాం. పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగం పడిపోతుంది. ఇరవై ఏళ్ళు ఆ గదిలో పనిచేసినవాడికి చల్లదనం అంటే మంచిదని ఒంట్లోకి ఇంకిపోయింది. కొండ ఎక్కే ముందు రాత్రి, కింది మజిలీలో సార్ ఇంటికి మాట్లాడాక, ఎవరూ వృథా చేయకుండా తొమ్మిది ఫోన్లూ తీసుకున్నాను. ఆరు బ్యాంకులతో కలిపి ఒకే సంచిలో పెట్టాను. చల్లగా ఉండాలని పొయ్యి దగ్గర పెట్టలేదు. మనుషుల ఒంటివేడి తగలకుండా డేరా బయటి అంచున, గాలి ఆడే చోట వేలాడదీశాను. రాత్రంతా మంచు పడింది. పొద్దున కొండ ఎక్కుతుంటే ఎండ రాలేదు. సాయంత్రం దాకా మబ్బే.

ఆరుంబావుకు సార్ గుట్ట ఎక్కారు. నేను సంచి మోసుకుని వెనకాల వెళ్ళాను. ఆయన ఫోన్ వెలగలేదు. ఇంకొకటి తీశాను, వెలగలేదు. తొమ్మిదీ అంతే. పవర్ బ్యాంకు తగిలించి బటన్ నొక్కాను. ఎంత నిండిందో చూపే నాలుగు దీపపు చుక్కల్లో ఒక్కటీ రాలేదు. ఆరింటికీ రాలేదు.

ఆయన ఒక బ్యాంకు తీసుకుని, అలవాటుగా, చేతి వెనకభాగం ఆనించి చూశారు.

"మంచుముక్కలా ఉందండి," అన్నారు.

"సల్లగుంటెనే మంచిది సార్. మా గదిల గూడ గంతే."

ఆయన తల ఊపి దాన్ని మళ్ళీ సంచిలో పెట్టారు. బ్యాటరీల మనిషి చెప్పాడు కాబట్టి నమ్మారు. ఇంకెవరు చెప్పినా బహుశా చొక్కాలో దాచుకుని చూసేవారేమో. ఆ మాట ఇన్నేళ్ళలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క పెట్టలేదు.

దారి చూపే కొండమనిషి దగ్గర ఒక పాత బటన్ల ఫోన్ ఉంది. దాని సిమ్‌కు అక్కడ సిగ్నల్ లేదు. సార్ సిమ్ తీసి అందులో పెట్టబోతే, దాని గూడు పెద్దది, ఈ సిమ్ చిన్నది. కాగితం మడిచి ఆనుడు పెట్టి చూశారు. సిమ్ రెండుసార్లు మంచులో పడింది. నేను వెతికి తీసిచ్చాను. ఆరున్నర అయింది. ఆరూ యాభై అయింది. ఆయన ఆ గుట్టమీద నుంచి దిగలేదు. సుజాత వచ్చి చేయి పట్టుకుని తీసుకెళ్ళింది.

ఆ రాత్రే దిగిపోదామన్నారు ఆయన. కొండమనిషి ఒప్పుకోలేదు. మంచులో దారి మూసుకుపోయింది, రేపు కూడా కదలడానికి లేదన్నాడు. రెండో సాయంత్రం కూడా సంచి పట్టుకుని గుట్ట ఎక్కాం. అదే జరిగింది. అసలు బ్యాంకులు తయారుచేసిన కంపెనీ మోసం చేసిందని నేను నాలో నేను తిట్టుకుంటున్నాను.

మూడో రోజు దిగుతుంటే మధ్యాహ్నం ఎండ కాసింది. ఒకచోట ఆగి టీ పెట్టారు. సంచి తడిసిందని అందులోవన్నీ బండమీద పరిచి, నేనూ పక్కనే కూర్చున్నాను. అరగంట తర్వాత ఊరికే ఒకదాని బటన్ నొక్కాను. నాలుగు చుక్కలు వెలిగాయి. ఇంకోటి నొక్కాను. నాలుగు. ఆరు బ్యాంకులు, ఇరవై నాలుగు చుక్కలు. ఒక్కదాంట్లోనూ వీసమెత్తు తగ్గలేదు. రెండు రోజులూ నిండుగా నా చేతిలో ఉన్నాయి. చలికి బిగుసుకుపోయాయి, అంతే. ఒక మనిషి ఒంటివేడి చాలేది.

తల ఎత్తితే సార్ నిలబడి ఉన్నారు. ఆయన ఆ చుక్కలు చూశారు. నాకు అర్థమైనది ఆయనకూ అర్థమైంది. ఒక బ్యాంకు తీసుకుని తన ఫోన్‌కు తగిలించుకున్నారు. మిగిలిన అయిదూ ఆయనే సంచిలో వేసి జిప్పు మూశారు.

గంట దిగాక సిగ్నల్ వచ్చింది. నేను రెండడుగుల వెనకే ఉన్నాను. అవతల ఆయన మరదలి గొంతు నాకు కూడా వినిపించింది. ముందు ఏడుపు, తర్వాత కేకలు. మొదటి సాయంత్రం ఎలాగో ఆపిందట. రెండో సాయంత్రం ఆవిడ స్నానాల గదిలో ఉండగా అక్క గేటు తీసుకుని వెళ్ళిపోయింది. పొద్దున దాకా దొరకలేదు. రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డులో, చెప్పుల్లేకుండా, కాళ్ళు చిట్లి కూర్చుని ఉంటే, పూలబుట్టలతో పోయే ఆడవాళ్ళు చూశారట. ప్రాణానికి ఏమీ కాలేదు.

"ఫోన్ ఎందుకు చేయలేదు బావగారూ? ఎందుకు చేయలేదు?"

ఆయన నావైపు చూశారు. చూసి ముఖం తిప్పుకున్నారు.

"నాదే తప్పమ్మా. ఛార్జింగ్ పెట్టుకోవడం మరిచిపోయాను," అన్నారు.

ఆ తర్వాత నేను దగ్గరికి వెళ్ళి, "సార్, నేను చెప్తా ఆమెకు," అన్నాను.

"వద్దండి. మన గుంపులో ఈ సంగతి తెలిస్తే మీ చేతికి ఇంకెవరూ ఫోన్ ఇవ్వరు. నన్నయితే తిట్టేది ఇంట్లోవాళ్ళే. నాలుగు రోజులు తిడతారు, ఊరుకుంటారు. జర ఫికర్ చేయకండి." ఆ చివరి మాట నా భాషలో అన్నారు, నన్ను నవ్వించడానికి. ఆయన నోట్లో అది సరిగ్గా పలకలేదు.

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు సులువుగానే ఉంది. అది కూడా రాయాలి.

ఆ తర్వాత ఆయన భార్య ఫోన్‌లో కూడా ఆయన గొంతు గుర్తుపట్టలేదు. ఆయన మళ్ళీ నల్లమలకు వచ్చారు, అదే బండ ఎక్కి ఆరున్నరకు చేశారు. దిగి వచ్చాక నేను అడగలేదు, ఆయనే చెప్పారు. "'ఎవరండీ' అంటోంది. 'మావారు క్యాంపు నుంచి ఫోన్ చేయడం మానేశారండి, మీకేమైనా కబురు తెలుసా' అని నన్నే అడిగింది."

"ఏమన్నరు సార్?"

"తెలుసన్నాను. ఆయన పక్కనే పనిచేస్తున్నానని చెప్పాను."

అప్పటి నుంచి ఆయన తన భార్యకు తన కబురు తానే మోశారు. ఆరేళ్ళు. అదే బండమీద కూర్చుని, "మీవారు బాగున్నారండి. ఇవాళ వాగు దాటారు. వంకాయ కూర ఉంచమన్నారు," అని చెప్పేవారు. ఆవిడ సంతోషించేదట. ఒక్కోసారి, మీకు చాలా శ్రమ ఇస్తున్నామండీ అని మర్యాద చేసేదట. ఆ గొంతులో పాతికేళ్ళవాడు లేడు. నేను టార్చి ఇవ్వడానికి వెళ్ళినా ఇప్పుడు వెనక్కి తిరిగి తీసుకునేవారు.

బ్యాంకులు మాత్రం నా చేతికే ఇచ్చేవారు. ఒక్కసారి కూడా సంచి తెరిచి చూసుకోలేదు.

పన్నెండో రోజు దాటాక నార్సింగిలో వాళ్ళింటికి వెళ్ళాను. అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. మరదలే తలుపు తీశారు. తెల్లజుట్టు, పొట్టి మనిషి, మాట కచ్చితంగా ఉంటుంది. నేనెవరో చెప్పాను. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు.

"మీ గురించి చెప్పేవారండి. యాదగిరి గారి లెక్క తప్పదనేవారు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఆయన మంచివారేనండి," ఆవిడ అన్నారు. "కాదనను. అక్కను పసిపిల్లలా చూసుకున్నారు. కాని ఒక్కటి నేను మరిచిపోలేకపోయాను. అంత జాగ్రత్త గల మనిషి, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడం ఎలా మరిచిపోయారు? రెండు రోజులు. అక్క ఆ రాత్రంతా రోడ్డు మీద ఉంది. అప్పటి నుంచి ఈ ఇంట్లో నేను ఆయనకి వండి పెట్టాను, బట్టలు సర్దాను. మాట్లాడలేదు. అవసరమైతే కాగితం మీద రాసి బల్లమీద పెట్టేదాన్ని. నాలుగు రోజుల్లో పోతుంది కోపం అనుకున్నాను. పోలేదు."

"ఎన్ని రోజులమ్మా?"

"ఆరేళ్ళు."

నేను చెప్పాను. సంచి ఎక్కడ వేలాడదీశానో, ఆయన చేయి ఆనించి ఏమన్నారో, నేనేమన్నానో, ఎండలో ఎన్ని చుక్కలు వెలిగాయో, ఫోన్‌లో ఆమెతో ఆ మాట అన్నప్పుడు ఆయన ఎవరివైపు చూశారో. ఏదీ తగ్గించలేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక కొంగు చివర పట్టుకుని చాలాసేపు మడతలు పెట్టారు, విప్పారు.

"మొన్న చెప్పలేకపోయారా? పోయిన నెల చెప్పలేకపోయారా?"

"చెప్పలేకపోయిన."

"ఆయన మెట్రో మెట్ల మీద ఉండగా నేనే చేశానండి ఆ ఫోను. ఆరేళ్ళలో మొదటిసారి. గ్యాస్ వాసనొస్తోందని. ఎవరో ఎత్తారు."

నేను లేచి నిలబడ్డాను. ఆవిడ కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. లోపలి గది వైపు చూపించారు.

"నాకొక్కదానికి చెప్పి వెళ్ళిపోతే ఎలాగండి. అక్కకు కూడా చెప్పండి."

"ఆమెకు తెలుస్తదా?"

"తెలియదు. చెప్పండి."

లోపల మంచంమీద సార్ భార్య కూర్చుని ఉన్నారు. శుభ్రమైన నేత చీర, నూనె రాసి దువ్విన జుట్టు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. పేర్లు చెప్పలేదు. ఒక మనిషి కొండల్లోకి పోయాడని, ఇంటికి ఫోన్ చేయాల్సి ఉండెనని, ఆయన బ్యాటరీలు మోసినవాడు వాటిని చలిలో పెట్టి చెడగొట్టాడని, రెండు రోజులు ఫోన్ పోలేదని. ఆవిడ శ్రద్ధగా విన్నారు. మధ్యలో అయ్యో అన్నారు.

"పాపం, ఆయన ఇల్లాలు ఎదురుచూసి ఉంటుంది."

"చూసిందమ్మా. శానా చూసింది."

"మరి చేరాడా ఆయన?"

"చేరిండు. మూడో దినం."

ఆవిడ ముఖం తేటపడింది. నా మోకాలి మీద చేయి వేసి నెమ్మదిగా తట్టారు, నేనే దారి తప్పి వచ్చినవాణ్ణన్నట్టు.

"మూడు రోజులే కదండీ. చేరితే చాలు. ఇంటికొచ్చిన మనిషితో మాట్లాడకుండా ఎవరుంటారు?"

గుమ్మంలో నిలబడి వింటున్న చెల్లెలు వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను చెప్పులు వేసుకుని గేటు దాటేదాకా బయటికి రాలేదు.